సార్జెంటు, హవల్దారు, లెస్టర్ సిటీ

2025 ఏప్రిల్ 20, ఆదివారం. రాత్రి తొమ్మిదింటికి నిజాంపేటలో మా హాల్లో టీవీ ముందు నేనూ నాన్నా కూర్చున్నాం. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్బులు లెస్టర్ సిటీకీ లివర్‌పూల్‌కీ మ్యాచ్. ఓడితే మావాళ్లు, అంటే లెస్టర్, అక్కడి పై డివిజన్ ప్రీమియర్ లీగ్ నుంచి కిందికి దిగిపోతారు. గెలిచినా పెద్దగా ఒరిగేదేం లేదు, ఇంకో నాలుగు రోజులు ఆగి దిగుతారు, అంతే.

"ఒరేయ్, మీవాళ్లు సొంత గ్రౌండ్‌లో గోల్ కొట్టి ఎన్నాళ్లయిందిరా?" అన్నారు నాన్న.

"డిసెంబర్ 8న కొట్టారు నాన్నా."

"అంటే సంక్రాంతికి ముందు. ఇప్పుడు ఉగాది కూడా వెళ్లిపోయింది."

నేను మాట్లాడలేదు. 76వ నిమిషంలో ట్రెంట్ అలెగ్జాండర్ ఆర్నాల్డ్ గోల్ కొట్టాడు. అయిపోయింది. సొంత గ్రౌండ్‌లో వరసగా తొమ్మిది లీగ్ మ్యాచ్‌లు ఒక్క గోల్ కూడా లేకుండా ఆడిన జట్టు ఇంగ్లండ్ పై డివిజన్ చరిత్రలో ఇంకోటి లేదట. ఆ రికార్డూ మాకే దక్కింది. నాన్న మజ్జిగ తాగడానికి లేచి వెళ్లారు. నా ఫోన్ టింగుమంది. లెస్టర్ నుంచి సార్జెంటు మెసేజ్, అక్కడ నా పాత పక్కింటాయన. ఆయన ఎప్పుడూ అన్నీ పెద్దక్షరాల్లోనే కొడతాడు, చదువుతుంటే మీద అరుస్తున్నట్టుంటుంది: నేను ఆగస్టులోనే చెప్పాను.

నిజమే, ఆగస్టులో చెప్పాడు. ఆయన ప్రతి ఆగస్టులోనూ అదే చెబుతాడు.

నేను ఎమ్మెస్సీకని లెస్టర్ వెళ్లింది 2014 సెప్టెంబర్‌లో. వీసా వచ్చేదాకా ఆ ఊరి పేరు 'లీసెస్టర్' అనే పలికాను, మా ఇంట్లో అమ్మ ఇప్పటికీ అలాగే అంటుంది. నార్‌బరో రోడ్ పక్క సందులో ఎర్ర ఇటుకల ఇల్లు, ఐదుగురం తెలుగు కుర్రాళ్లం, ఒకటే బాత్రూమ్. కరివేపాకు కావాలంటే బెల్‌గ్రేవ్ రోడ్‌లో గుజరాతీ కొట్లకి పోవాలి. వెళ్లిన కొద్ది రోజులకే ఓ ఆదివారం మధ్యాహ్నం నేను అంట్లు తోముతుంటే ఊరంతా ఒక్కసారి 'హో' అని అరిచినట్టు వినపడింది. పది నిమిషాల్లో మళ్లీ. ఆ తర్వాత మళ్లీ. భయమేసి బయటికొచ్చి చూస్తే, పక్కింటి ముసలాయన రేడియో గడప మీద పెట్టుకుని నిలబడి ఉన్నాడు. మాంచెస్టర్ యునైటెడ్ మీద 1-3తో వెనకబడి, 5-3తో గెలిచిన మ్యాచ్ అది. "మీ డక్, నువ్వు మంచి రోజున వచ్చావు," అన్నాడు నాతో.

మీ డక్ ఏంటి, బాతంటాడేంటి అని లోపలికెళ్లి మావాళ్లని అడిగా. ఆ ఊళ్లో అందరినీ అలాగే పిలుస్తారట, మనవైపు 'బాబూ' అన్నట్టు. ఆ రోజు నుంచి ఇంట్లో మేం ఐదుగురం బాతులమే.

మంచి రోజు అన్నాడుగానీ, దాని తర్వాత 13 లీగ్ మ్యాచ్‌ల్లో ఒక్కటీ గెలవలేదు. క్రిస్మస్‌కి పట్టికలో అట్టడుగున ఉన్నాం. ఆ ముసలాయనకి మోకాలి నొప్పి, గ్రౌండ్‌లో మెట్లెక్కడానికి చెయ్యి పట్టుకునే మనిషి కావాలి. అలా ఆయన పక్క సీటు నాకొచ్చింది. సీటు మీద మడతపెట్టిన అట్టముక్క ఉండేది, చప్పుడు చెయ్యడానికి. ఆయన దాన్ని ముట్టుకునేవాడు కాదు. "చేతులు ఇచ్చాడుగా దేవుడు," అనేవాడు.

ఆయన రాయల్ ఆంగ్లియన్ రెజిమెంట్‌లో సార్జెంటుగా చేసి రిటైరయ్యాడు. ఎక్కడెక్కడ పనిచేశారని అడిగితే "అక్కడా ఇక్కడా" అనేవాడు. నాకది కొత్తగా అనిపించలేదు. మాది మిలిటరీ మాధవరం పక్క పల్లె. రెండు ప్రపంచ యుద్ధాలకీ మనుషుల్ని పంపిన ఊరు పక్కన పెరిగినవాడికి, మాట్లాడని మిలిటరీవాళ్లు ఎంతమంది తెలుసో చెప్పక్కర్లేదు. నాన్న సైన్యంలో కబుర్లు చేరవేసే సిగ్నల్స్‌ విభాగంలో హవల్దారు. ఇన్‌లాండ్ లెటర్ మీద చిరునామా ఎప్పుడూ ఒకటే, కేరాఫ్ 56 ఏపీఓ. కాశ్మీర్‌లో ఉన్నా పంజాబ్‌లో ఉన్నా అదే. అమ్మ ఉత్తరంలో "ఎక్కడున్నారు?" అని రాస్తే, "ఇక్కడ చలి బాగా ఉంది, పిల్లాడికి జ్వరం తగ్గిందా?" అని జవాబు. 1999 వేసవిలో, తాడేపల్లిగూడెంలో రోడ్డు మీద తారు కరుగుతుంటే, మా ఇంటికొచ్చిన ఉత్తరంలో చలి బాగా ఉందని ఉంది. అమ్మ ఆ ఒక్క ముక్క పట్టుకుని రేడియో ముందు కూర్చుని ఏడ్చింది. నాకు ఎనిమిదేళ్లు. ఎందుకేడుస్తోందో తెలియలేదు.

సరే, ఫుట్‌బాల్‌కి వస్తా.

2015 మార్చి 26న మూడో రిచర్డ్ రాజు ఎముకల్ని లెస్టర్ కెథడ్రల్‌లో మళ్లీ సమాధి చేశారు. 2012లో ఓ కార్ పార్కింగ్ కింద తవ్వితే దొరికాయి అవి. సమాధి అయిన తర్వాత మావాళ్లు ఆఖరి తొమ్మిది మ్యాచ్‌ల్లో ఏడు గెలిచి బతికి బయటపడ్డారు. రాజుగారి ఆత్మ శాంతించిందని ఊరంతా అన్నారు. మన ఊళ్లో అయితే గుడి కట్టేసేవాళ్లం, వాళ్లు కాబట్టి జోకులతో సరిపెట్టారు.

ఆ పై సీజన్ గురించి చెప్పాలంటే నాకిప్పటికీ మొహమాటమే, అబద్ధం చెబుతున్నట్టుంటుంది. కప్పు గెలుస్తారని పందెం కాస్తే ఒకటికి ఐదువేలు. ఫ్లీట్‌వుడ్ టౌన్ నుంచి పది లక్షల పౌండ్లకి తెచ్చిన వార్డీ, ఫ్రెంచి రెండో డివిజన్ నుంచి ఐదు లక్షలు కూడా పెట్టకుండా తెచ్చిన మహ్రెజ్. ఒక్క గోల్ కూడా ఇవ్వకపోతే పిజ్జా తినిపిస్తానన్న మేనేజర్ రనియేరీ. వార్డీ వరసగా 11 మ్యాచ్‌ల్లో గోల్స్ కొట్టాడు. గ్రౌండ్‌కి థాయిలాండ్ నుంచి బౌద్ధ భిక్షువు వచ్చి నీళ్లు చల్లి దీవించేవాడు. మా రూంమేట్ ఒకడు "ఐదు పౌండ్లు పెట్టి ఉంటే పాతికవేల పౌండ్లు రా" అని ఏడాదంతా లెక్కలేసి ఏడ్చాడు. 2016 మే 2న చెల్సీ, టాటెన్‌హామ్ మ్యాచ్ 2-2 అయ్యాక, తమ మ్యాచ్ ఆడకుండానే లెస్టర్ ఛాంపియన్ అయింది. అప్పుడు మేం ఐదుగురం సార్జెంటు ముందుగదిలో ఉన్నాం. చెల్సీ ఆటగాడు హజార్డ్ గోల్ కొట్టగానే ఆయన లేచి, టీవీ మీద దుమ్ము తుడిచి, మళ్లీ కూర్చున్నాడు. ఏం చెయ్యాలో తోచక అనుకుంటా. తర్వాత వంటింట్లోకెళ్లి చాలాసేపు రాలేదు.

ఇంక నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి.

చదువుకునేటప్పుడు శని ఆదివారాల్లో ఓ ఏజెన్సీ తరఫున క్యాటరింగ్ పనికి వెళ్లేవాణ్ని. చుట్టుపక్కల ఊళ్లలో గుర్రప్పందేల మైదానాలు, ఫుట్‌బాల్ గ్రౌండ్లు, ఎక్కడికి పంపితే అక్కడికి. ఏ గ్రౌండో చెప్పను, ఒకరోజు పెద్దమనుషుల బాక్సుల్లో బల్లల మీద పెట్టడానికి ఆ రోజు ఆడే పదకొండుమంది పేర్ల కాగితాలు వంటింట్లోకి వచ్చాయి. బయట ఇంకా ప్రకటించలేదు. పైనుంచి చూస్తే అందరూ ఆడతాడనుకుంటున్న వాడి పేరు అందులో లేదు. నా గుండె దడదడలాడింది. ట్రే పక్కన పెట్టి, ఫోన్ తీసి, ఫొటో కొట్టి మా తెలుగు కుర్రాళ్ల గ్రూపులో పెట్టా. "ఒరేయ్ నీకెలా తెలిసింది?", "నిజమా?", "సూపర్ రా." ఏడెనిమిది నిమిషాలు నేనే రాజుని. తర్వాత అధికారికంగా పేర్లు వచ్చేశాయి, నా వార్తకి విలువ పోయింది. కానీ ఆ ఏడెనిమిది నిమిషాల్లో ఫొటో ఎక్కడెక్కడికో పాకి, తిరిగి మా సూపర్‌వైజర్ ఫోన్‌కే వచ్చింది. కాగితం మూల మీద నా బొటనవేలు, దాని మీద కూరగాయలు కోస్తూ కోసుకున్న గాటు, దానికి నీలం రంగు ప్లాస్టరు. ఆవిడ అందరి వేళ్లూ చూసింది. మరుసటి వారం నుంచి నాకు షిఫ్టుల్లేవు.

ఈ సంగతి సార్జెంటుకి చెబితే నవ్వుతాడనుకున్నా. నవ్వలేదు. "డబ్బులేమైనా ఇచ్చారా?" అన్నాడు. లేదన్నా. "అదే మరి. డబ్బుకి చెప్పేవాణ్ని పట్టుకోవడం తేలిక. ఊరికే చెప్పేవాడితోనే చిక్కు," అన్నాడు. వాళ్ల పబ్బులో అలాంటివాళ్లని 'ఐటీకే' అంటారట, లోగుట్టు తెలిసినవాళ్లు అని. ఏ ఆటగాణ్ని ఎవరు కొంటున్నారో, మేనేజర్ మీద ఎవరు అలిగారో ముందే చెబుతుంటారు. పదింటిలో తొమ్మిది తప్పు. ఆ పదోది చాలు, జీవితాంతం చెప్పుకోవడానికి.

కప్పు వచ్చిన ఆ మే నెలలోనే అమ్మా నాన్నా రెండు నెలల వీసా మీద వచ్చారు. అప్పటికి నాకు ఆ ఊళ్లోనే ఉద్యోగం దొరికింది. మే 16న ఆటగాళ్లని బస్సు మీద ఊరేగిస్తుంటే విక్టోరియా పార్క్ దాకా నడిచాం. రెండు లక్షల పైన జనం అన్నారు. అమ్మ "మన పుష్కరాల్లా ఉందిరా" అంది, తప్పిపోతానేమోనని నా చొక్కా చెంగు వదల్లేదు. ఆ పై ఆదివారం సార్జెంటు మమ్మల్ని వాళ్ల పెరట్లోకి టీకి పిలిచాడు.

ఆ మధ్యాహ్నం నాకు బాగా గుర్తు. నాన్న ఇస్త్రీ చొక్కా, మఫ్లరు. జూన్ వస్తున్నా మఫ్లరు తియ్యలేదు. అమ్మ సున్నుండలు తీసుకెళ్లింది. పరిచయాలయ్యాక నేను "మా నాన్న హవల్దార్, అంటే మీ సార్జెంటుకి సమానం" అన్నా. ముసలాయన లేచి నిలబడి ఇంకోసారి చెయ్యి కలిపాడు. లోపలికెళ్లి ఓ తగరపు డబ్బా తెచ్చాడు. అందులో వాళ్ల నాన్న టోపీ బ్యాడ్జి ఉంది, రాయల్ లెస్టర్‌షైర్ రెజిమెంట్‌ది. పులి బొమ్మ, దాని మీద ఇంగ్లీషులో 'హిందూస్తాన్' అని అక్షరాలు. ఆ రెజిమెంట్ పందొమ్మిదో శతాబ్దం మొదట్లో మన దేశంలో చాలా ఏళ్లు ఉందట, అందుకే ఆ పులి. నాన్న దాన్ని వెలుగులోకి పట్టుకుని, బొటనవేలితో అక్షరాలు తడిమి, "బ్రాసో పెట్టి తుడవాలి" అన్నారు. సార్జెంటు లోపలికెళ్లి బ్రాసో డబ్బా, పాత గుడ్డముక్క తెచ్చాడు. ఇద్దరూ కూర్చుని బ్యాడ్జి తోమడం మొదలెట్టారు. సున్నుండలు అలాగే ఉన్నాయి.

మాటల్లో మానింగ్ ప్రస్తావన వచ్చింది. 2010లో ఇరాక్‌లో ఉంటూ అమెరికా సైన్యం కాగితాలు లక్షలకొద్దీ, రహస్యాలు బయటపెట్టే వికీలీక్స్‌కి పంపిన చెల్సీ మానింగ్. లేడీ గాగా పాటలని రాసిన సీడీలోకి ఎక్కించి బయటికి తెచ్చారు అవన్నీ. 35 ఏళ్ల శిక్ష పడింది, అప్పటికింకా జైల్లోనే. నాన్నకి నేను తెలుగులో చెబుతుంటే, "చెల్సీ అంటే మొన్న మీకు కప్పు తెచ్చిపెట్టినవాళ్లు కదరా?" అన్నారు. అది ఇంగ్లీషులో చెప్పాక సార్జెంటు నవ్వి నవ్వి టీ ఒలకబోసుకున్నాడు.

ఆ తర్వాత మాత్రం ఇద్దరికీ కుదర్లేదు. నాన్నది ఒకటే మాట. సిగ్నల్స్‌లో ఉన్నవాడి చేతిలోంచి ఎన్నో కాగితాలు పోతాయి, చదవకుండా పంపడం నేర్చుకోవాలి, చదివినా మర్చిపోవాలి. అది చెయ్యలేనివాడు ఆ కుర్చీలో కూర్చోకూడదు. సార్జెంటు తల ఊపుతూనే కాదన్నాడు. బాగ్దాద్‌లో హెలికాప్టర్ నుంచి జనాన్ని కాల్చిన వీడియో ఉందే, అది జనం చూడాల్సిందేనన్నాడు. చచ్చిపోయినవాళ్లలో ఇద్దరు రాయిటర్స్ వార్తాసంస్థ మనుషులు. దాచిపెట్టింది శత్రువు నుంచి కాదు, మన నుంచి అన్నాడు. కానీ అఫ్ఘాన్ కాగితాల్లో సైన్యానికి సాయం చేసిన ఊరివాళ్ల పేర్లు కూడా బయటపడ్డాయి కదా, అక్కడ మాత్రం ఆయన గొంతు మారింది. "మన పక్కన నడిచినవాడి పేరు చెప్పడం వేరే. అది లీకు కాదు, వాణ్ని వాళ్లకి అప్పజెప్పడం." నాన్న ఆ మాట నాతో రెండుసార్లు చెప్పించుకున్నారు. అవునని తలాడించారు.

మూడు గంటలు మాట్లాడుకున్నారు వాళ్లు. ఇంటికొచ్చాక లెక్కేస్తే ఒక్క ఊరి పేరు కూడా రాలేదు. అక్కడా ఇక్కడా, కొండల్లో, చలిలో, వానలో. అంతే.

2018 అక్టోబర్ 27 గురించి క్లుప్తంగా చెబుతా, ఎక్కువ చెప్పలేను. వెస్ట్‌హామ్‌తో 1-1. మ్యాచ్ అయ్యాక చాలాసేపటికి యజమాని విచాయ్ శ్రీవద్ధనప్రభ హెలికాప్టర్ గ్రౌండ్ మధ్యలోంచి లేచి, పక్కన పార్కింగ్ దగ్గర కూలిపోయింది. ఐదుగురు పోయారు. ఆయన 2010లో క్లబ్ కొన్నాడు. అభిమానులకి బీరూ డోనట్లూ ఉచితంగా పంచిన మనిషి. ఇంగ్లండ్‌లో ఏ క్లబ్ అభిమానులూ యజమాని కోసం అంతగా ఏడవగా నేను చూడలేదు. ఆ రాత్రి సార్జెంటూ నేనూ గ్రౌండ్ వైపు నడిచాం. పోలీసు రిబ్బను దగ్గర ఓ కుర్రాడు ఫోన్ ఊపుతూ, లోపల ఎవరెవరున్నారో తనకి తెలుసని, పేర్లు వచ్చాయని చుట్టూ ఉన్నవాళ్లకి చెబుతున్నాడు. క్లబ్ ఇంకా ఏమీ చెప్పలేదు. ఆ మాట చెప్పింది మర్నాడు రాత్రి. సార్జెంటు వాడి దగ్గరికెళ్లి, ఫోన్ పట్టుకున్న చెయ్యి మెల్లగా కిందికి దించాడు. "వాళ్లింట్లో తలుపు ఇంకా ఎవరూ తట్టలేదు, మీ డక్," అన్నాడు. వాడికేం అర్థమైందో తెలీదు, ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. తిరిగొస్తుంటే ఆయన ఒకే ఒక్కసారి, ఎక్కడో ఎప్పుడో, తను తలుపు తట్టిన సంగతి చెప్పాడు. అది ఇక్కడ రాయను.

2019 మాత్రం నవ్వులే నవ్వులు. జనవరిలో లీడ్స్ కోచ్ బియెల్సా మనిషి ఒకడు డార్బీ క్లబ్ ప్రాక్టీసు మైదానం కంచె దగ్గర పొంచి చూస్తూ దొరికాడు. లీడ్స్‌కి రెండు లక్షల పౌండ్ల జరిమానా పడింది. బియెల్సా అయితే విలేకర్లని పిలిచి, ప్రొజెక్టర్ పెట్టి, ప్రతి జట్టు మీదా ఎలా గూఢచర్యం చేస్తాడో గంటసేపు పాఠం చెప్పాడు. సార్జెంటుకి అది తెగ నచ్చేసింది. "దొరికిపోయాక మొత్తం చూపించేశాడు, మొగాడు," అన్నాడు.

అక్టోబర్‌లో మా వార్డీ ఇంటికే వచ్చింది గొడవ. ఫుట్‌బాలర్ వేన్ రూనీ భార్య కోలీన్ ఇన్‌స్టాగ్రామ్ కబుర్లు ఓ పత్రికలో వస్తున్నాయి. ఆవిడ ఒక్క అకౌంట్‌కి తప్ప మిగతా అందరికీ తన స్టోరీలు కనపడకుండా చేసి, కావాలని అబద్ధాలు పెట్టింది. ఆ అబద్ధాలూ పత్రికలో వచ్చాయి. ఆ అకౌంట్ వార్డీ భార్య రెబెకాదని లోకానికి చెప్పింది. రెబెకా పరువునష్టం దావా వేసి 2022లో ఓడిపోయింది. ఊరంతా దీన్ని ఆడవాళ్ల గొడవ కింద తీసిపారేస్తుంటే, సార్జెంటు ఒక్కడే సీరియస్‌గా మెచ్చుకున్నాడు. సైన్యంలో, గూఢచారి సంస్థల్లో దొంగని పట్టే పద్ధతి అచ్చంగా అదేనట. డాక్టరు బేరియం తాగించి, అది పేగుల్లో ఎటు పోతోందో ఎక్స్‌రేలో చూస్తాడే, అలా ఒక్కడికే ఓ అబద్ధం తాగించి ఎక్కడ తేలుతుందో చూడటం. "ఆ అమ్మాయిని రక్షణ శాఖలో వేసుకోవాలి," అన్నాడు. నాకు మళ్లీ నా బొటనవేలి ప్లాస్టరు గుర్తొచ్చింది.

2021 మే 15, చెల్సీతో ఎఫ్ఏ కప్ ఫైనల్. కోవిడ్ రోజులు, ఇంకొకరి ఇంట్లోకి వెళ్లకూడదు, పెరట్లో అయితే ఆరుగురి దాకా కూర్చోవచ్చు. రూల్ అంటే రూలే సార్జెంటుకి. టీవీని వంటింటి కిటికీకి ఆనించి బయటికి తిప్పాడు. మేం గొడుగులూ కోట్లూ వేసుకుని గడ్డి మీద కుర్చీల్లో. లెస్టర్ అంతకుముందు నాలుగు ఫైనల్స్ ఆడి నాలుగూ ఓడింది. 1969లో ఓడినప్పుడు కుర్రాడిగా ఆయన వెంబ్లీలో ఉన్నాడు. ఆ ఏడాదే కింది డివిజన్‌కి కూడా పడిపోయారు. అందుకే మా టీలెమాన్స్ అంత దూరం నుంచి కొట్టిన బంతి లోపలికెళ్లినా ఆయన కదల్లేదు. చివర్లో చెల్సీ గోల్ కొట్టింది, వీఏఆర్, అంటే వీడియో రిఫరీ, కాదంది. అప్పుడు లేచాడు. ఎవరినీ కౌగిలించుకోకూడదు కాబట్టి గుడ్డలారేసే స్తంభాన్ని కౌగిలించుకున్నాడు.

ఆ ఏడాది చివర్లో అమ్మ ఆరోగ్యం బాగోక నేను హైదరాబాద్ వచ్చేశాను. వచ్చిన మూడు నెలలకే, 2022 మార్చి 20న, హైదరాబాద్ ఎఫ్‌సీ పెనాల్టీల్లో కేరళ బ్లాస్టర్స్‌ని ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) గెలిచింది. గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు. ఒకప్పుడు డ్యూరాండ్ కప్పులు గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టున్న ఊరికి ఇన్నాళ్లకి మళ్లీ రోజులొచ్చాయని నాన్న సంబరపడ్డారు. యూనిట్‌లో లెఫ్ట్ బ్యాక్ ఆడిన మనిషి. రెండేళ్లు తిరక్కుండానే జీతాలివ్వలేక, ఆటగాళ్లు వెళ్లిపోయి, ఆ జట్టు పట్టికలో అడుగుకి చేరింది. 2025లో పేరు మార్చుకుని ఢిల్లీకే వెళ్లిపోయింది. లెస్టర్ దిగితే మళ్లీ ఎక్కుతుంది అనైనా అనుకోవచ్చు. ఊరే వదిలిపోయిన క్లబ్‌కి ఎవరు ఏడుస్తారు?

2023 ఏప్రిల్ మాకు చెడ్డ నెల. మొదట్లోనే మేనేజర్ రోజర్స్‌ని పంపేశారు. అదే వారంలో అమెరికా రహస్య కాగితాలు ఎక్కడపడితే అక్కడ తేలడం మొదలైంది, యుక్రెయిన్ యుద్ధం గురించి. నాలుగు మడతలేసి జేబులో పెట్టుకొచ్చిన ముడతలు కూడా ఫొటోల్లో కనిపిస్తున్నాయి, పక్కన గమ్ డబ్బాతో సహా. 13న పట్టుకున్నారు. జాక్ టెషేరా, మసాచుసెట్స్ ఎయిర్ నేషనల్ గార్డ్, 21 ఏళ్లు. డబ్బు కోసం కాదు, ఏ అన్యాయాన్నీ బయటపెట్టడానికీ కాదు. డిస్కార్డ్ అనే చాట్ యాప్‌లో గేములాడే స్నేహితుల కోసం. మొదట టైపు చేసి పెట్టేవాడట, ఎవరూ సరిగ్గా చదవట్లేదని చిరాకేసి ఫొటోలకి దిగాడని పత్రికల్లో వచ్చింది. 15 ఏళ్ల శిక్ష. అంతకు రెండేళ్ల ముందు వార్ థండర్ అనే ట్యాంకుల ఆటలో, బ్రిటన్ ఛాలెంజర్ 2 ట్యాంకుని తప్పుగా చూపించారని ఒకడు వాదనకి దిగి, నెగ్గడానికి అసలు మాన్యువల్ పేజీలే తీసుకొచ్చి పెట్టాడు. మా ఐటీకే గాళ్లు గుర్తొచ్చారు నాకు. నేనూ గుర్తొచ్చాను. టెషేరాకి నేను సానుభూతి చూపించాననుకోకండి. ఆ గుండె దడ మాత్రం నాకు తెలుసు.

మే 28న వెస్ట్‌హామ్‌ని 2-1తో గెలిచీ దిగిపోయాం, ఎవర్టన్ తన మ్యాచ్ గెలవడంతో. 34 పాయింట్లు, 18వ స్థానం. ఏడేళ్ల కింద ఛాంపియన్లు. ఆ రోజు అందరూ ఐటీకేలే. డిఫెండర్ ఫొఫానాని అమ్మినప్పుడే అనుకున్నాం, గోల్‌కీపర్ ష్మైఖేల్ వెళ్లినప్పుడే అనుకున్నాం, జీతాల లెక్క చూసినప్పుడే అనుకున్నాం. ఎవరూ అనుకోలేదు. కప్పులొస్తున్నప్పుడు క్లబ్ లెక్కల పుస్తకం తెరిచిన అభిమానిని నేను చూడలేదు, నాతో కలిపి. మరుసటి ఏడాది కింది డివిజన్‌లో 97 పాయింట్లతో గెలిచి పైకొచ్చారు, ఆ పై ఏడాది ఇదిగో, మొదట చెప్పిన ఏప్రిల్ రాత్రి.

దానికి నెల ముందే ఇంకో విడ్డూరం. యెమెన్ మీద బాంబులెయ్యబోతున్న సంగతి అమెరికా రక్షణ మంత్రీ మిగతా పెద్దలూ సిగ్నల్ యాప్ గ్రూపులో మాట్లాడుకున్నారు, అందులో పొరపాటున ఓ పత్రిక ఎడిటర్‌ని కూడా చేర్చేశారు. నాన్నకి చెబితే నమ్మలేదు. "మన అపార్ట్‌మెంట్ గ్రూపులో ఇల్లు ఖాళీ చేసినవాణ్ని ఆ సాయంత్రానికే తీసేస్తాడు సెక్రటరీ," అన్నారు.

మే 18న వార్డీ లెస్టర్ తరఫున ఆఖరి మ్యాచ్ ఆడాడు. 500వ మ్యాచ్, 200వ గోల్. ఆ సున్నాలు చూసి సార్జెంటుకి అనుమానం, ఎవరో ముందే రాసిపెట్టారని.

జులై 15న పొద్దుపోయాక ఆయన మెసేజ్ వచ్చింది. ఆ ఒక్క రోజునే రెండు వార్తలు. ఒకటి, లెస్టర్‌కి కొత్త మేనేజర్, స్పెయిన్ దేశస్థుడు మార్టీ సిఫ్వెంటెస్. రెండోది, బ్రిటన్ సైన్యంతో పనిచేసి ఆ దేశానికి వస్తామని దరఖాస్తు పెట్టుకున్న అఫ్ఘాన్ల జాబితా, దాదాపు 19,000 మంది వివరాలు, 2022 ఫిబ్రవరిలో ఓ ఈమెయిల్‌తో బయటికి పోయిందని. పంపినవాడు నూటయాభై పేర్లే అనుకున్నాడట. సంగతి ప్రభుత్వానికి తెలిసింది 2023 ఆగస్టులో. వెంటనే కోర్టు నుంచి ఆదేశం తెచ్చుకున్నారు, లీకు గురించి రాయకూడదు, రాయకూడదన్న ఆదేశం ఉందని కూడా రాయకూడదని. దాదాపు రెండేళ్లు అలాగే నడిచింది.

సార్జెంటు రాసింది ఇంతే, ఎప్పట్లా పెద్దక్షరాల్లో: కొత్త మేనేజర్ పేరు పబ్బులో అందరికీ ముందే తెలుసు. ఇది మాత్రం దాచగలిగారు.

కాసేపటికి ఇంకోటి: పంపింది ఆ కుర్రాడెవడో కాదు, మేమే. మీ నాన్నకి చెప్పు.

చెప్పాను. నాన్న టీవీ గొంతు తగ్గించారు. వాళ్ల పెరట్లో ఆయనన్న మాట గుర్తుందా అని అడిగా. "ఎందుకు లేదూ," అన్నారు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ వేళ ఎందుకో ఎన్నాళ్లుగానో అడగనిది అడిగేశాను.

"నాన్నా, తొంభైతొమ్మిదిలో మీరెక్కడున్నారు?"

నాన్న నన్నోసారి చూసి, రిమోట్ బల్ల మీద పెట్టారు.

"చలి బాగా ఉండేదిరా," అన్నారు. "ఆయన మోకాలు ఎలా ఉందో అడుగు."